రజత నాణెములపై చైనా పురాణగాథలు – సేకరణ, మదుపు

నాణెముల సేకరణ అనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి జ్ఞప్తికి వచ్చేది తాతల కాలంనాటి అణాలు, కానులు, హాలీ సిక్కా రూపాయలు దాచిన రేకుపెట్టె. అది ఒక కాలక్షేపమని, మహా అయితే చరిత్రాభిమానమని మనం భావిస్తూ ఉంటాము. కాని గత నాలుగు దశాబ్దాలలో వేరొక విధమైన సేకరణ ప్రపంచమంతటా విస్తరించింది. చెలామణీ కొరకు గాక, కొని దాచుకొనుట కొరకే కొన్ని దేశాల టంకశాలలు మేలిమి వెండితో నాణెములను అచ్చువేస్తున్నాయి. వీటినే బులియన్ నాణెములు అంటారు. వీటిలో చైనా పురాణగాథల బొమ్మలు గలవి, అనగా డ్రాగన్, ఫీనిక్స్ పక్షి, ఏకశృంగ మృగం, చంద్రలోకపు కుందేలు మొదలైన రూపాలు గలవి, ఒక ప్రత్యేక శాఖగా రూపొందాయి.

గల్ఫు దేశాల నుండి, ఆస్ట్రేలియా నుండి సెలవులకు వచ్చే బంధువులు ఇటువంటి నాణెములను కానుకగా తెచ్చుట మన ఇళ్ళలో కూడ మొదలయినది. "సార్, ఇది దాచిపెడితే పదేళ్ళకు ఎన్ని రెట్లు అవుతుంది?" అని తరగతిలోనే నన్ను అడిగిన విద్యార్థులున్నారు. ప్రశ్న డబ్బుకు సంబంధించినదే. జవాబు మాత్రం కొంత చరిత్రలో, కొంత కథలో, మిగిలినది షరాబు తాసులో ఉన్నది.

ముందుగా తూకం సంగతి. ఈ నాణెములకు ప్రమాణం ట్రాయ్ ఔన్సు, అనగా 31.1 గ్రాములు. మన తులం 11.66 గ్రాములు. కనుక ఒక ఔన్సు నాణెం రెండు తులాల మీద మరి మూడింట రెండు వంతుల తూకం ఉంటుంది. స్వచ్ఛత సాధారణంగా వెయ్యికి 999 పాళ్ళు. పోలిక కొరకు చెప్పాలంటే, బ్రిటిష్ ఇండియా రూపాయి సరిగా ఒక తులం తూగేది. అందులో నూటికి సుమారు 91.7 పాళ్ళు వెండి. 1940లో దానిని సగానికి తగ్గించారు. బులియన్ నాణెం మీద ముఖవిలువ కూడ ముద్రించి ఉంటుంది గాని అది లాంఛనం మాత్రమే. ఆస్ట్రేలియా ఔన్సు నాణెం మీద ఒక డాలరు అని ఉంటుంది. ఆ ఒక్క డాలరుకు దానిని బజారులో ఇచ్చే అమాయకుడు ఎక్కడా కనబడడు.

వెండికి, చైనాకు ఉన్న అనుబంధం నేటిది కాదు. శతాబ్దాల పాటు చైనా ప్రజలు వెండిని నాణెంగా గాక లోహంగానే చూశారు. టేల్ అనే తూకంతో, కడ్డీలుగా, ముద్దలుగా తూచి ఇచ్చి పుచ్చుకొనేవారు. తేయాకు, పట్టు కొనుటకు వచ్చిన విదేశీయులు స్పెయిన్ డాలర్లను, తరువాత మెక్సికో డాలర్లను గుట్టలుగా తెచ్చి పోశారు. ఆ నాణెములను పరీక్షించిన ప్రతి వర్తకుడు మంచిదని రుజువుగా తన చిన్న ముద్రను వాటిపై కొట్టేవాడు. అలాంటి ముద్రలతో గుంటలు పడిపోయిన డాలర్లు నేటికీ సేకరణకర్తల వద్ద ఉన్నాయి. ఈ పరీక్ష చేసేవారిని చైనా రేవులలో ఆంగ్లేయులు "ష్రాఫ్" అని పిలిచారు. ఇది మన "సర్రాఫ్" మాటయే. అరబ్బీలో పుట్టి, పారశీక, ఉర్దూల ద్వారా వచ్చి, తెలుగులో "షరాబు" అయినది. నేటికీ హాంకాంగ్‌లో కార్లు నిలుపు స్థలాలలో డబ్బు కట్టే గదికి ఆ పేరే వ్రాసి ఉంటుంది.

చైనాలో డ్రాగన్ బొమ్మతో యంత్రం మీద పెద్ద ఎత్తున వెండి డాలర్లు అచ్చువేయుట 1889లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ప్రారంభమైనది. అప్పటి రాజప్రతినిధి జాంగ్ జిడాంగ్ ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుండి హీటన్ కంపెనీ యంత్రాలను తెప్పించి టంకశాల పెట్టించాడు. విదేశీ డాలర్లను తరిమివేయుటయే ఆయన ఆశయం. ఒక వైపు చక్రవర్తి గ్వాంగ్‌షు పేరు చైనా లిపిలోను, నడుమ మంచూ లిపిలోను, రెండవ వైపు మెలికలు తిరిగిన డ్రాగన్, దాని చుట్టూ ఆంగ్లాక్షరాలు. తూకం 7 మేస్ 2 కాండరీన్లు, అనగా సుమారు 27 గ్రాములు. వెండి నూటికి 90 పాళ్ళు. తరువాత అనేక రాష్ట్రాలు ఇదే నమూనాను అనుసరించాయి. నేడు బులియన్ నాణెముల మీద మనం చూసే డ్రాగన్‌కు ఈ నాణెములోని డ్రాగనే పూర్వీకుడు.

ఈ కథలో మన దేశానికి కూడ ఒక పాత్ర ఉన్నది. చైనా రేవులలోను, మలయా, సింగపూర్‌లలోను వర్తకానికై 1895 నుండి బ్రిటిష్ వారు "ట్రేడ్ డాలర్" అనే వెండి నాణెమును ముఖ్యంగా బొంబాయి టంకశాలలోను, కొంతవరకు కలకత్తాలోను అచ్చువేయించారు. బొమ్మ వైపు త్రిశూలం, డాలు ధరించి నిలుచున్న బ్రిటానియా. బొరుసు వైపు లతల అల్లిక నడుమ దీర్ఘాయువును సూచించే చైనా అక్షరం. విలువను చైనా లిపిలోను, అరబ్బీ లిపిలో వ్రాసిన మలయ్ భాషలోను చెక్కారు. ఉర్దూ చదవగల మన విద్యార్థులు ఆ అక్షరాలను కూడబలుక్కొని చదువుకొనవచ్చు. సేకరణ ప్రారంభించాలనుకొనే విద్యార్థి మొదట తెలుసుకొనదగిన నాణెం ఇదేనని నా అభిప్రాయం.

1934లో అమెరికా ప్రభుత్వం వెండి కొనుగోలు చట్టం చేసి, ప్రపంచంలోని వెండిని అధిక ధరకు కొనసాగినది. చైనా వెండి ఓడలకెక్కి తరలిపోయినది. ధరలు పడిపోయి, బ్యాంకులు కుంగిపోయాయి. 1935 నవంబరులో చైనా వెండి నాణెమునే విడిచి కాగితపు ద్రవ్యానికి మారవలసి వచ్చినది. ఇతర దేశం ఒకటి చేసిన చట్టంతో ఒక జాతి దాచుకొన్న లోహం విలువ ఎట్లు తారుమారవుతుందో అర్థశాస్త్ర విద్యార్థులు ఇందులో చూడవచ్చు.

ఇక బొమ్మల విషయం. డ్రాగన్ అనగానే మనకు ఆంగ్ల పాఠాలలో చదివిన, నిప్పులు గ్రక్కుతూ కన్యలను చెరపట్టే క్రూరజంతువు మనసులో మెదులుతుంది. చైనావారి "లూంగ్" అది కాదు. అది జలాధిదేవత, మేఘాలను నడిపి వర్షం కురిపించేది. మన నాగదేవతలకు దీనితో దగ్గరి పోలిక ఉన్నది. అయిదు గోళ్ళ డ్రాగన్ చక్రవర్తికే ప్రత్యేకమైన చిహ్నం. నాణెముల మీద డ్రాగన్ ముందు ఒక గుండ్రని వస్తువు కనబడుతుంది, అది ముత్యం. "ఫెంగ్‌హువాంగ్" అనే పక్షిని ఫీనిక్స్ అని అనువదిస్తారు గాని, బూడిద నుండి లేచే పాశ్చాత్య పక్షితో దానికి చుట్టరికం లేదు. అది మహారాణికి చిహ్నం. డ్రాగన్, ఫీనిక్స్ కలిసి ఉన్న బొమ్మ దాంపత్యానికి గుర్తు. ఆస్ట్రేలియాలోని పెర్త్ టంకశాల ఈ జంట బొమ్మతో వెండి నాణెం విడుదల చేసినది. పెళ్ళి కానుకగా ఇట్టివి అమ్ముడుపోవుటలో ఆశ్చర్యం లేదు.

డ్రాగన్, చేప కలిసి ఉన్న నాణెం కూడ ఒకటి ఉన్నది. ఆ గాథ మన విద్యార్థులకు నచ్చుతుంది. పసుపు నదిలో "డ్రాగన్ ద్వారం" అనే జలపాతానికి ఎదురీది, దానిని దూకగలిగిన చేప డ్రాగన్‌గా మారిపోతుందట. రాజాస్థానపు పరీక్షలలో ఉత్తీర్ణుడైన యువకుని "డ్రాగన్ ద్వారం దూకినవాడు" అని పూర్వం కొనియాడేవారు.

ఏకశృంగ మృగమైన "చీలిన్" ధర్మపాలన జరిగే కాలంలోనే కనిపిస్తుందని చైనావారి విశ్వాసం. 1414లో బెంగాలు సుల్తాను సైఫుద్దీన్ హమ్జా షా మింగ్ చక్రవర్తి యుంగ్‌లో ఆస్థానానికి ఒక జిరాఫీని కానుకగా పంపాడు. ఆ పొడవుమెడ జంతువును ఎన్నడూ చూసి ఎరుగని ఆస్థానికులు అది చీలిన్ అనే ప్రకటించారు. యున్నాన్ ముస్లిం కుటుంబంలో జన్మించిన నౌకాధిపతి జెంగ్ హే 1405 నుండి 1433 వరకు ఏడు మహాయాత్రలు చేసి, మన కాలికట్ రేవుకు వచ్చిన కాలమే అది. చైనా ప్రభుత్వం 1994 నుండి 1997 వరకు చీలిన్ నాణెములను విడుదల చేసినది. ఒక ప్రక్క తమ చీలిన్, మరొక ప్రక్క పాశ్చాత్యుల ఏకశృంగాశ్వం. రెండు నాగరికతల కల్పనలు ఒకే నాణెము బొమ్మా బొరుసూ అగుట ముచ్చటైన ఆలోచన.

చంద్రునిలో కుందేలున్నదని మనము, చైనావారు ఇరువురమూ నమ్మాము. మనకు చంద్రుడు శశాంకుడు. వారి కుందేలు అక్కడ రోట్లో అమృతౌషధం దంచుతూ ఉంటుంది. చాంగ్ అనే దేవత దానికి తోడు. 2013 డిసెంబరులో చంద్రునిపై దిగిన చైనా యంత్రవాహనానికి ఆ కుందేలు పేరే పెట్టారు.

వీటన్నిటికంటె మనకు దగ్గరిది వానరరాజు సున్ వూకాంగ్ గాథ. 1592లో అచ్చయిన "పశ్చిమ యాత్ర" నవలలో ఈ వానరుడు బౌద్ధ భిక్షువుకు అంగరక్షకుడై భారతదేశానికి బయలుదేరుతాడు. 2003 నుండి 2005 వరకు చైనా ఈ గాథను రంగులద్దిన వెండి నాణెములపై చిత్రించినది. ఆ భిక్షువు కల్పితుడు కాదు. మన పాఠ్యపుస్తకాలలోని హుయాన్ త్సాంగ్ ఆయనయే. ఏడవ శతాబ్దంలో ఆయన వేంగి దేశం మీదుగా కృష్ణాతీరాన ధాన్యకటకానికి వచ్చి, అక్కడ కొన్ని మాసాలుండి అభిధర్మశాస్త్రం అభ్యసించాడు. వానరరాజుకు మన హనుమంతుడే మూలమని హూ షీ అనే పండితుడు వాదించగా, లూ షున్ దానిని అంగీకరించక చైనాలోని జలభూతం కథనే మూలంగా చూపాడు. వాదం ఎటు తేలినా, ఆ నాణెములోని యాత్రికుడు అమరావతి ప్రాంతపు మట్టి తొక్కినవాడన్నది చరిత్ర.

ఆధునిక నాణెములలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది పాండా. పాండా పురాణ జంతువు కాదు. అయినను ఈ వ్యాపారానికి బాట వేసినది అదే. వెండి పాండా మొదటిసారి 1983లో వచ్చినది. అచ్చువేసినవి 10,000 మాత్రమే. 2012లో ఆ సంఖ్య 80 లక్షలు. 2016 నుండి దాని తూకం ఔన్సుకు బదులు 30 గ్రాములైనది. పాత లెక్కతో కొనేవారు ఈ గ్రాముకు పైబడిన తేడా గమనించాలి. పన్నెండు జంతువుల సంవత్సరచక్రాన్ని చైనా 1981 నుండి, పెర్త్ టంకశాల వెండిలో 1999 నుండి, బ్రిటిష్ రాయల్ మింట్ 2014 నుండి చిత్రిస్తున్నాయి. పెర్త్ వారి రెండవ శ్రేణిలో, 2008 నుండి 2019 వరకు, ఔన్సు వెండి నాణెములకు సంవత్సరానికి 3 లక్షలు అని పరిమితి పెట్టారు. డ్రాగన్ సంవత్సరం పన్నెండేండ్లకు ఒకమారు వస్తుంది. చైనా కుటుంబాలలో ఆ ఏడు పిల్లలు పుట్టుట శుభమని భావిస్తారు గనుక, ఆ నాణెమునకు గిరాకీ కూడ హెచ్చు.

ఇప్పుడు విద్యార్థి అడిగిన ప్రశ్నకు వద్దాము. ఇటువంటి నాణెములో రెండు విలువలున్నాయి. ఒకటి లోహవిలువ; మరొకటి గాథావిలువ. లోహవిలువ ప్రపంచమంతటా ఒక్కటే. గాథావిలువ మాత్రం ఆ గాథ తెలిసినవారు, దానిని ఇష్టపడేవారు ఉన్నచోటనే డబ్బుగా మారుతుంది. హాంకాంగ్‌లోనో, సింగపూర్‌లోనో, సిడ్నీలోనో డ్రాగన్, ఫీనిక్స్ నాణెమునకు వెండి ధర మీద అదనం ఇచ్చే సేకరణకర్త దొరుకుతాడు. మన ఊరి షరాబు తాసులో డ్రాగన్‌కు తూకం లేదు. కరగిస్తే ఎంత వస్తుందో అంతే, అందులోనూ కొంత తగ్గించి ఇస్తాడు. అది అతని తప్పు కాదు. అతనికి ఆ బొమ్మను కొనే గిరాకీ లేదు.

ఒక లెక్క వేద్దాము. అంకెలు ఉదాహరణకు మాత్రమే. వెండి ధర 100 అనుకొందాము. బొమ్మకు అదనంగా 60 ఇచ్చి నాణెం 160కి కొన్నాము. వెండి మీద నూటికి 3 చొప్పున జి.ఎస్.టి. కలిపితే 164.80 అయినది. అమ్మబోతే షరాబు లోహవిలువలో నూటికి 95 ఇస్తాడనుకొందాము. పెట్టిన సొమ్ము తిరిగి చేతికి రావాలంటే వెండి ధర 100 నుండి దాదాపు 173కి పెరగాలి. అదే అదనం 10 మాత్రమే ఉన్న సాదా నాణెం కొంటే 119 దాటితే చాలు. ఈ తేడా ప్రకటనలలో కనబడదు. "పరిమిత సంఖ్య", "అపురూపం" అనే మాటలు మాత్రం పెద్ద అక్షరాలలో కనబడతాయి.

వెండి ధర నడక కూడ నెమ్మదస్తుని నడక కాదు. 1980 జనవరిలో అమెరికాలో హంట్ సోదరులు వెండిని గుత్తగా కొనబోగా ఔన్సు 50 డాలర్ల దరిదాపులకు పోయినది. అదే సంవత్సరం మార్చి 27 నాటికి 11 డాలర్లకు కూలిపోయినది. 2011 ఏప్రిల్‌లో మరల 48 డాలర్లు దాటి, 2020 మార్చిలో 12 డాలర్ల దరికి జారినది. చివరకు 50 డాలర్ల గీటును 2025 అక్టోబరులో దాటినది. అనగా 1980 జనవరిలో శిఖరాన కొన్నవాడు తాను పెట్టిన డాలర్లను చూచుకొనుటకే నలభై అయిదేండ్లు వేచి ఉండవలసి వచ్చినది; ఈ లోపల డాలరు విలువ క్షీణించిన సంగతి వేరు. కనుక చెల్లెలి పెళ్ళికని, పై చదువుకని కూడబెట్టిన సొమ్మును ఈ నాణెములలో పెట్టరాదని నేను గట్టిగా చెప్పుతాను. లోహవిలువ మేరకు మాత్రమే దానిని పొదుపుగా లెక్కించి, బొమ్మకు ఇచ్చిన అదనాన్ని పుస్తకం కొన్న ఖర్చు వంటిదిగా వ్రాసుకొనుట మంచిది.

నకిలీల బెడద వేరొకటి. పాండాలకు, పాత డ్రాగన్ డాలర్లకు నకిలీలు విస్తారంగా ఉన్నాయి. మా విద్యార్థి ఒకడు ఒక ప్రదర్శనలో గ్వాంగ్‌డాంగ్ డ్రాగన్ డాలరు అని చెప్పగా ఒక నాణెం కొని తెచ్చాడు. దానికి ఇచ్చిన సొమ్ము అతని రెండు నెలల హాస్టలు ఖర్చుకు సమానం. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుడు దానిని ప్రయోగశాలలో తూచాడు. 27 గ్రాములకు దగ్గరగా ఉండవలసినది 23.4 గ్రాములే తూగినది. దారంతో నీటిలో వ్రేలాడదీసి తూచగా 2.7 గ్రాములు తగ్గినది. ఇంటర్మీడియట్ విద్యార్థి కూడ మిగిలిన లెక్క చేయగలడు: సాంద్రత 8.67. మేలిమి వెండి సాంద్రత 10.49, నూటికి 90 పాళ్ళ వెండికి 10.3 ప్రాంతంలో ఉండాలి. అది వెండి పూత పూసిన ఇత్తడి వంటి లోహం. అమ్మినవాడు అప్పటికే ఊరు విడిచాడు. ఆర్కిమెడిస్ సూత్రం పరీక్షకే గాక జేబుకు కూడ పనికివస్తుందని ఆ అబ్బాయికి అర్థమైనది గాని, అర్థమగుటకు అతడు చెల్లించిన రుసుము హెచ్చు.

తూకం, వ్యాసం, మందం మూడూ టంకశాల ప్రకటించిన కొలతలకు సరిపోవాలి. అయస్కాంతానికి అంటుకొన్నచో అది వెండి కాదు. అంటుకొనకపోయినంత మాత్రాన వెండి అని అనుకొనరాదు, రాగి, ఇత్తడి కూడ అంటుకొనవు. లోహవిలువ కంటె తక్కువకు ఎవరైనా అమ్ముతానంటే అక్కడనే ఆగి ఆలోచించాలి. విదేశాల నుండి టపాలో తెప్పించుకొనే నాణెములపై సుంకం, జి.ఎస్.టి. పడతాయి, వాటిని కూడ ధరలో కలుపుకొనాలి. పాత నాణెముల విషయంలో మరొక చట్టం ఉన్నది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేండ్లు దాటిన నాణెములు పురావస్తువులు. వాటిని మన దేశం నుండి ప్రైవేటు వ్యక్తులు బయటకు పంపరాదు. కనుక ఇంట్లో తాతగారి బొంబాయి ట్రేడ్ డాలరు దొరికితే, హాంకాంగ్‌లో మంచి ధర ఉన్నదని దానిని పార్సిలు కట్టరాదు.

ఇక భద్రపరచు విధానం. వెండి గాలిలోని గంధక వాయువులకు నల్లబడుతుంది; అది సహజం. మన ఇళ్ళలో వెండి పళ్ళెములను విబూదితోనో, చింతపండుతోనో తోమినట్లు నాణెములను తోమరాదు. తోమిన నాణెమునకు సేకరణకర్తల వద్ద ధర సగానికి పైగా పడిపోవచ్చును. మెత్తటి, వాసన వచ్చే ప్లాస్టిక్ సంచులలో ఉంచితే ఆకుపచ్చని జిగురు పడుతుంది. గట్టి ప్లాస్టిక్ బిళ్ళలలో, తేమ తగలని చోట ఉంచాలి. నాణెమును అంచులు పట్టుకొని మాత్రమే ఎత్తాలి. కొన్న తేదీ, ధర, ఆనాటి వెండి ధర, కొన్న చోటు ఒక నోటు పుస్తకంలో వ్రాసి, రసీదును దానికి జత చేసి ఉంచాలి. పెట్టె, ధ్రువపత్రం ఉన్న నాణెమునకు, లేని నాణెమునకు ధరలో తేడా ఉంటుంది గనుక వాటిని కూడ పారవేయరాదు.